టర్కీకోడి గూటికి గడప

పేరు విషయంలో యీ పక్షికి జరిగినంత తికమక మరే పక్షికీ జరిగి వుండదు. పుట్టినది అమెరికా ఖండం. మొదట మచ్చిక చేసినవారు మెక్సికో ప్రాంతపు ఆదివాసులు. ఇంగ్లీషువాడు ఇది టర్కీదేశం సరకు అనుకుని ఆ పేరు పెట్టాడు. టర్కీవాడేమో హిందూదేశం నుంచి వచ్చిందనుకుని ‘హిందీ’ అన్నాడు. ఫ్రెంచివాడు పెట్టిన పేరుకు అర్థం కూడా ఇండియాది అనే. పోర్చుగీసువాడు ‘పెరూ’ అన్నాడు. తమిళులు మాత్రం యే దేశం జోలికీ పోకుండా ‘వాన్‌కోళి’ అని సరిపెట్టుకున్నారు. మనం ఇంగ్లీషువాడి పొరపాటును అట్లాగే తెచ్చుకుని, వెనకాల ఒక కోడిని తగిలించి, టర్కీకోడి అంటున్నాం.

ఇండియాకు ఇది కొత్తదేమీ కాదు. 1612లో ముఖర్రబ్ ఖాన్ అనే ఉద్యోగి గోవా నుంచి తెచ్చిన వింత వస్తువులలో యీ పక్షి వుండగా జహంగీరు పాదుషా చూసి ముచ్చటపడ్డాడు. తల, మెడ ఊసరవెల్లిలాగా రంగులు మారుస్తున్నాయని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ నేటికీ లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంలో వున్నది. పాదుషాగారికి ఒక పక్షి చాలింది. గూటికి గడప కావాలా అన్న ఆలోచన ఆయనకు రావలసిన పని లేకపోయింది.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఆ ఆలోచన వచ్చి తీరవలసిన రోజులివి. యీ మూడు ఊళ్ళ చుట్టూ వున్న పల్లెల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు అరుదు. పదేండ్లు దుబాయిలోనో మస్కట్టులోనో కూడబెట్టిన సొమ్ముతో తిరిగివచ్చినవాడు యేం చేయాలి? పసుపు వేస్తే ధర నిలకడ లేదు. మామిడితోట కాపుకు రావాలంటే యేండ్లు పడుతుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి కోళ్ళు పెంచడం కంటికి కనిపించే మార్గం. బ్రాయిలరు అయితే కంపెనీ పిల్లలను యిస్తుంది, దాణా యిస్తుంది, మందులు యిస్తుంది. షెడ్డూ రెక్కల కష్టమూ రైతువి. టర్కీకి ఆ ఆసరా మన వైపు కనిపించదు. పెంచేవాడు ఒంటరివాడు. అతణ్ణి అందరూ అడిగే ప్రశ్న లాభమెంత అని. ఆ పక్షి యెట్లా బతుకుతుంది అని అడిగినవారిని నేను చూడలేదు. నిజానికి మొదటి ప్రశ్నకు జవాబు రెండోదానిలోనే వున్నది.

ఈము కోళ్ళ సంగతి పాఠకులు మరిచిపోయి వుండరు. రెండు తెలుగు రాష్ట్రాలు ఒకటిగా వున్న కాలంలో యెంతమంది యెగబడ్డారు! 2012 ప్రాంతానికి కొనేవాడు లేక ఆ వ్యాపారం కుప్పకూలింది. దాణాకు డబ్బులేక అంతెత్తు పక్షులు కంచెల వెనక యెండిపోయాయి. నష్టపోయిన మనుషుల గురించి పత్రికలు రాశాయి. ఆకలితో నిలబడ్డ పక్షుల గురించి రాసినవి తక్కువ. కొత్త పక్షిని తెచ్చేవాడు ముందు కొనేవాణ్ణి చూసుకోవాలి. ఇది కూడా ఆ పక్షికి చేసే మేలులో భాగమే అని నా అభిప్రాయం.

కాళ్ళు కడుక్కుని లోపలికి

జబ్బు ఫారంలోకి రాకుండా, వచ్చినది బయటికి పోకుండా చేసే కట్టుదిట్టాలన్నిటినీ కలిపి ఇంగ్లీషులో బయోసెక్యూరిటీ అంటారు. దీనికి ‘జీవభద్రత’ అని తెలుగు చేశారు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఒక మాట అనవచ్చు ననుకుంటాను. ఆ సమాసం వినడానికి బాగానే వున్నది గాని, దాన్ని పట్టుకుని రైతు యేం చేయాలో తెలియదు. ఊరి మీదికి తెగులు వస్తే పొలిమేరలో కట్టు కట్టడం మన పల్లెలకు తెలుసు. పురిటి గదిలోకి బయటినుంచి వచ్చినవాణ్ణి కాళ్ళు కడుక్కోకుండా పోనివ్వకపోవడం ప్రతి యింటి ముసలమ్మకూ తెలుసు. చెప్పులు గడప అవతల విడవడం చిన్నపిల్లలకు సైతం తెలుసు. బయోసెక్యూరిటీ అంటే కోళ్ళ షెడ్డుకు కూడా ఒక గడప పెట్టడం. అంతే.

జంతువుల సుఖం సంగతి వేరేగా పుట్టింది. 1964లో రూత్ హారిసన్ అనే ఇంగ్లీషు మహిళ, జంతువులను యంత్రాలుగా మార్చిన ఫారాల గురించి పుస్తకం రాస్తే ఆ దేశంలో పెద్ద కలకలం లేచింది. ప్రభుత్వం వేసిన బ్రాంబెల్ సంఘం 1965లో నివేదిక యిచ్చింది. లేవడం, పడుకోవడం, యిటు అటు తిరగడం, ఒళ్ళు శుభ్రం చేసుకోవడం, కాళ్ళూ రెక్కలూ చాచుకోవడం—యీ పాటి స్వేచ్ఛ ప్రతి జంతువుకూ వుండాలన్నది ఆ నివేదిక. తరువాత 1979లో వాటిని తిరిగి రాసినప్పుడు ఆకలి దప్పులు, నొప్పి, జబ్బు, భయం లేకుండా వుండడం కూడా చేరాయి. మనవాళ్ళు వెనకబడ్డారని యెవరూ అనుకోనక్కరలేదు. రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదలవల్ల జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం మన పార్లమెంటు 1960లోనే చేసింది.

చూశారా? జబ్బు లేకపోవడం సుఖంలో ఒక భాగం. కాబట్టి కాపలా, సుఖం రెండు వేరు వేరు శాఖలు కావు. చాలావరకు రెండూ ఒకే పని. కాని అన్ని వేళలా కావు. ఆ ‘చాలావరకు’ యెంతవరకో తెలుసుకోవడమే టర్కీ పెంచేవాడికి అసలు చదువు.

నాటుకోడి చేసే కీడు

దుబాయి నుంచి తిరిగివచ్చిన నా పాత విద్యార్థి ఒకడు కోరుట్ల అవతల ఒక పల్లెలో వుంటాడు. ఆ మధ్య కనిపించి, “సార్, నూరు టర్కీలు ఏద్దామనుకుంటున్న. యింటెనుక దొడ్డిల జాగ మస్తుగున్నది. మీరేమంటరు?” అని అడిగాడు. ఆ దొడ్డిలో యిప్పుడేమున్నాయని అడిగితే, “మా అమ్మ నాటుకోళ్ళున్నయి సార్. గవి గవే తిరుగుతయి, యీటితోని యేం తక్లీబ్ లేదు” అన్నాడు.

తక్లీబంతా అక్కడే వున్నది. నాటుకోడి పేగులో, పైకి యేమీ తెలియకుండా, సన్నని దారంలాంటి ఒక పురుగు కాపురముంటుంది. పేరు హెటెరాకిస్. ఆ పురుగు గుడ్లలో కంటికి కనిపించని మరొక సూక్ష్మజీవి దాగి వుంటుంది. కోడి రెట్టతో గుడ్లు మట్టిలో పడతాయి. వానపాము ఆ మట్టిని మింగి గుడ్లను తన ఒంట్లో దాచుకుంటుంది. నాలుగు చినుకులు పడగానే వానపాము పైకి వస్తుంది. టర్కీ దాన్ని యిష్టంగా తింటుంది. కోడికి పెద్దగా కీడు చేయని ఆ సూక్ష్మజీవి టర్కీ కాలేయాన్ని గుండ్రని మచ్చలు మచ్చలుగా తొలిచివేస్తుంది. పక్షి రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని, మూల నిలబడుతుంది. రెట్ట గంధకం రంగులోకి మారుతుంది. మందలో అధికభాగం పోవడం అరుదు కాదు. దీన్ని బ్లాక్‌హెడ్, అంటే నల్లతల జబ్బు అంటారు. తల నల్లబడి తీరాలనేమీ లేదు. పేర్ల విషయంలో యీ పక్షి దురదృష్టం జబ్బుదాకా వచ్చింది.

అమెరికాలో రోడ్ ఐలండు టర్కీలు యీ జబ్బుతో పోతుంటే 1895లో థియొబాల్డ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవిని వర్ణించాడు. 1920 నాటికి పురుగు గుడ్ల పాత్ర కూడా తేలింది. తరువాత మందులు వచ్చాయి, పోయాయి. మనిషికి హాని అన్న అనుమానంతో ఐరోపా వాటిని నిషేధించింది. అమెరికాలో మిగిలిన ఒక్క మందు, ఆర్సెనిక్‌తో చేసినది, 2015 ఆఖరుకు మార్కెట్టు నుంచి తొలగిపోయింది. నేటి రోజున యీ జబ్బుకు నమ్మదగిన మందుగాని టీకాగాని లేదు. మిగిలినది గడప ఒక్కటే. కోళ్ళు తిరిగిన నేలమీద టర్కీని పెట్టకూడదు. పురుగు గుడ్లు మట్టిలో యేండ్ల తరబడి చావవు గనుక, కోళ్ళను నిన్న అమ్మివేశాం అంటే సరిపోదు.

యీ ఒక్క జబ్బు చాలు, మన విషయమంతా చెప్పడానికి. నాటుకోళ్ళను వేరుచేయడం పుస్తకంలో కాపలా కింద రాస్తారు. కాలేయం కుళ్ళి మూల నిలబడి చచ్చే పక్షి బాధను సుఖం కింద, అంటే దాని లోపం కింద, రాస్తారు. పేజీలు రెండు, పక్షి మాత్రం ఒకటే. ఆ అబ్బాయికి యిదంతా చెప్పాను. “మా అమ్మ కోళ్ళనిడువదు సార్” అన్నాడు. అట్లాగయితే దొడ్డి అమ్మగారిదే. టర్కీలకు పొలం దగ్గర, యెన్నడూ కోడి గీరని నేల చూడవలసిందే.

పిల్లకు కొంచెం తల్లితనం

టర్కీ గుడ్డు పొదగడానికి 28 రోజులు. మామూలు కోడిగుడ్డుకు 21. ఆ వారం ఆలస్యంగా వచ్చిన పిల్లకు తెలివి కూడా ఆలస్యమే. దాణా యెదుట పెట్టినా తినడం తెలియక, నీళ్ళు పక్కనే వున్నా తాగడం తెలియక మొదటి రోజుల్లో పోయే పిల్లలు చాలా. తమిళనాడులో టర్కీల మీద యెక్కువ పని జరిగింది. మద్రాసులోని నందనం కేంద్రం నుంచి వచ్చిన నందనం టర్కీ రకాలు పేరుపొందాయి. అక్కడి వారి సలహా యేమంటే, మొదటి పదిహేను రోజులు పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చొప్పున యివ్వాలి, పాలు పట్టాలి. పచ్చరంగు దీని కంటిని లాగుతుంది గనుక దాణామీద తరిగిన ఆకుకూర చల్లాలి. నీళ్ళ గిన్నెలో రంగుగోళీలు వేస్తే వాటిని పొడవబోయి నీళ్ళు తాగడం నేర్చుకుంటుంది. పిల్లలున్న యింట్లో గోళీలకు కరువుండదు గదా!

ఇందులో కాపలా యెక్కడున్నది అని అడగవచ్చు. పిల్లకు నేర్పాలంటే మనిషి రోజుకు పదిసార్లు బ్రూడరు దగ్గర వంగి కూర్చోవాలి. ఆ మనిషే మధ్యలో లేచి పెద్ద కోళ్ళకు దాణా వేసి, ఆ చెప్పులతోనే తిరిగి వస్తే? మమకారమే మహమ్మారిని మోసుకువస్తుంది. అందుకని పసిపిల్లలను చూసే మనిషి ఆ నాలుగు వారాలూ వేరే పక్షిని ముట్టకుండా వుండడం ఉత్తమం. అది కుదరకపోతే ముందు పిల్లల పని, తరువాతనే పెద్దవాటి పని. వరస తిరగబడకూడదు.

టీకాలు యెట్లాగూ తప్పవు. కొక్కెర తెగులు అని మనవాళ్ళు అనే రాణిఖేత్ జబ్బుకు, అమ్మతల్లికి టీకాలున్నాయి. వాటి వరస పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. యీ ప్రాంతం వారికి ఆ భాగ్యం దగ్గరలోనే వున్నది: కోరుట్లలో పశువైద్య కళాశాల వున్నది.

ఊక చెప్పే కబుర్లు

షెడ్డులో నేలమీద పరిచే వరి ఊకను లిట్టరు అంటారు. జగిత్యాల సన్నాల ఊక అయినా దొడ్డు వడ్ల ఊక అయినా టర్కీకి తేడా లేదు. తేడా అల్లా పొడికీ తడికీ. ఎడింబరో దగ్గర పరిశోధకులు టర్కీల మీద పరీక్షలు చేసి, పాదాల కింద పుండ్లు పడడానికి మరే కారణమూ అక్కరలేదనీ, తడి ఒక్కటే చాలుననీ తేల్చారు. ఊకలో తేమ నూటికి 30 పాళ్ళలోపు వుంటే పుండ్లు బాగా తగ్గుతాయట. పది కిలోలకు పైబడి పెరిగే పుంజు ఆ పుండ్ల మీదనే రాత్రీ పగలూ నిలబడాలి. నొప్పితో నడవదు. నడవకపోతే దాణా దగ్గరికి పోదు, తడిలోనే కూర్చుంటుంది, రొమ్ము మీద కూడా పుండు పడుతుంది. పుండు ద్వారా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి.

ఆ తడి ఊకలోంచే అమోనియా లేస్తుంది. శ్వాసనాళంలో దుమ్మునూ క్రిములనూ బయటికి తోసే సన్నని నూగులాంటివి వుంటాయి. అమోనియా వాటిని మాడ్చివేస్తుంది. గడప దగ్గర యెంత మందునీళ్ళ తొట్టి పెట్టినా, లోపలి పక్షి గొంతులో వున్న గడపను మనమే కూల్చినట్లయింది. ఇక యే చిన్న క్రిమి వచ్చినా లోపలికి నేరుగా దారి.

పరీక్షకు పరికరాలు అక్కరలేదు. గుప్పెడు ఊక తీసి నొక్కండి, ముద్దకట్టకూడదు. షెడ్డులో నిలబడి కాదు, పక్షి యెత్తుకు గొంతుకు కూర్చుని గాలి పీల్చండి, కళ్ళు మండకూడదు. మనిషి ముక్కు అయిదడుగుల పైన వుంటుంది గనుకనే ఫారం యజమానులకు వాసన తెలియదు. నీళ్ళ గిన్నె కారకుండా చూడడం, తడిసిన చోట ఊక తీసివేసి కొత్తది వేయడం, రోజుకొకసారి తిరగవేయడం—యివి కాపలా కిందికి వస్తాయో సుఖం కిందికి వస్తాయో నేను విడదీసి చెప్పలేను.

జాగా విషయం చూడండి. నాలుగు వారాల దాకా పిల్లకు ఒకటింపావు చదరపు అడుగు, పదహారు వారాల దాకా రెండున్నర, ఆ పైన నాలుగు, గుడ్ల కోసం వుంచేవాటికి అయిదు చదరపు అడుగులు అని మన దక్షిణాది లెక్క. నూరు పక్షులకు చివరికి నాలుగు వందల చదరపు అడుగులు. మనవాడు పిల్లలను తెచ్చిన రోజు వాటి పరిమాణం చూసి, ‘యింత జాగా వృథాయేగా, మరో వంద వేద్దాం’ అనుకుంటాడు. పన్నెండో వారానికి ఆ రెండు వందలూ ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలు. ఇరుకు కలిగించే బెదురు పక్షి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. పొడుచుకోకుండా వుండాలని ముక్కు కొన కత్తిరిస్తారు; పుంజు ముక్కుమీద వ్రేలాడే కండను కొన్ని దేశాలలో పసిప్రాయంలోనే తీసివేస్తారు. ముక్కు కొనలో నరాలున్నాయి. జాగా యివ్వలేక ముక్కు కోయడం నాకు సమ్మతం కాదు. ఇక జబ్బు పడితే యాంటిబయాటిక్కు. కోళ్ళకు అలవాటుగా వాడుతూ వచ్చిన కొలిస్టిన్ అనే మందును, మనుషులకు ఆఖరి ఆసరా అయిన మందని, కేంద్రప్రభుత్వం 2019 జూలైలో పశువులకూ కోళ్ళకూ నిషేధించింది. ఇరుకు షెడ్డు ఖరీదు చివరికి మన ఆసుపత్రి మంచం దగ్గర చెల్లించవలసి వస్తుంది.

సిరిసిల్లలో సాంచాలు నడిపేవారిని గమనించే వుంటారు. నాలుగు సాంచాల మధ్య తిరుగుతూ, యెక్కడ పోగు తెగిందో చప్పుడును బట్టే పట్టేస్తారు. చూడకపోతే గజాలకు గజాలు బట్ట పాడు. షెడ్డులో నడిచే మనిషికి కావలసినది అదే చెవి, అదే కన్ను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తొందర లేకుండా, మంద బెదరకుండా నడవాలి. మూల నిలబడ్డ ఒక్క పక్షిని ఆ రోజే వేరు చేసి కట్టిన చిన్న గదిలో పెడితే దాన్ని మిగతావి పొడిచి చంపవు. దానికి అంటువ్యాధి వుంటే మిగతావాటికి సోకదు. చచ్చినదాన్ని అప్పుడే తీసి సున్నం వేసి పాతిపెట్టాలి. దిబ్బమీద పారేస్తే కుక్క ఆ జబ్బును పక్క ఫారానికి చేరవేస్తుంది.

పక్షులను అమ్మే రాత్రి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెట్టలు ముందు బరువుకు వస్తాయి, పుంజులు కొన్ని వారాల తరువాత. అందుకని సగం మందను పట్టి తీసుకుపోతారు. పట్టేవాళ్ళు నిన్న మరో ఫారంలో పట్టినవారే. వారి బూట్లు, వారి బుట్టలు, వారి వ్యాను అక్కడివే. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి, ఒక చేత రెండేసి పుంజులను లాగితే తొడ కీలు తప్పుతుంది, రెక్క విరుగుతుంది. మిగిలినవి రాత్రంతా బెదిరి, మరునాడు దాణా ముట్టవు. సరిగ్గా అప్పుడే వచ్చినవారి బూటుమట్టి పని మొదలుపెడుతుంది. కుదిరితే మొత్తం మందను ఒకేసారి అమ్మి, షెడ్డు కడిగి, కొన్నాళ్ళు ఖాళీగా వుంచడం మేలు. కుదరకపోతే బుట్టలు గేటు బయట కడిగించి, బూట్లు మన ఫారంవే యివ్వాలి. నాలుగు జతల రబ్బరు బూట్ల ఖరీదు ఒక పుంజు ఖరీదు కన్నా యెక్కువ కాబోదు.

తలుపు మూసిన రోజు

ఇంతవరకు కాపలా, సుఖం చేయీ చేయీ పట్టుకుని నడిచాయి. ఇప్పుడు విడిపోయే చోటుకు వచ్చాం.

బర్డ్ ఫ్లూ మన దేశంలోని కోళ్ళలో మొదట బయటపడినది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు శివార్లలో హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని ఫారాలలో వచ్చినట్లు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించింది. టర్కీ యీ జబ్బుకు కోడికన్నా తేలికగా లొంగుతుంది. 2012 అక్టోబరులో బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని కేంద్రప్రభుత్వ కోళ్ళ అభివృద్ధి సంస్థలో మొదట కూలినవి టర్కీలే. ఆ ఆవరణలో వున్న తక్కిన పక్షులను కూడా చంపవలసి వచ్చింది. కోళ్ళ పెంపకం నేర్పే చోటనే అట్లా జరిగిందంటే, రేకుల షెడ్డువాడు గర్వించడానికి యేమీ లేదు.

టర్కీలను లక్షలుగా పెంచే దేశాల అనుభవం యింకా పెద్దది. 1999-2000లో ఉత్తర ఇటలీలో 413 చోట్ల జబ్బు తలయెత్తి, కోటీ ముప్పై లక్షలకు పైగా పక్షులు పోయాయి. టర్కీ ఫారాలు పక్కపక్కనే కిక్కిరిసి వున్న ప్రాంతమది. 2007 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని హోల్టన్ దగ్గర దాదాపు 1,60,000 టర్కీలను చంపారు. అవి ఆరుబయట తిరిగినవి కావు, నాలుగు గోడల మధ్య పెంచినవి. తలుపు మూసినంత మాత్రాన కాపలా అయిపోదని అప్పుడు తెలిసింది. అట్లాగని తెరిచి వుంచితే? 2022లో, క్రిస్మసు పండుగకని ఆ దేశంలో ఆరుబయట పెంచిన టర్కీలలో దాదాపు సగం పోయాయి. ఆ నవంబరు 7 నుంచి మరుసటి ఏప్రిల్ 18 దాకా ఇంగ్లండులో ప్రతి పెంపుడు పక్షినీ లోపలే వుంచాలని ప్రభుత్వం ఆజ్ఞ.

ఎందుకంటే యీ క్రిమికి సహజమైన యిల్లు నీటిపక్షులు. మనకేం సంబంధం అంటారేమో. సిరిసిల్ల జిల్లాలో మిడ్‌మానేరు జలాశయం నిండి వున్నది. జగిత్యాల వైపు గోదావరి వున్నది, ఊరూరా చెరువులున్నాయి. చలికాలంలో ఉత్తరం నుంచి బాతులు వచ్చి వాలే నీళ్ళివి. బాతు వాలిన చెరువు నీళ్ళను శుద్ధి చేయకుండా టర్కీలకు పోయడం, వాటిని ఆ గట్టున మేపడం రెండూ ప్రమాదమే.

కాని టర్కీ నడిచే పక్షి. గడ్డి కొరుకుతుంది, మిడతలను వెంటాడుతుంది, దుమ్ములో పొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటుంది, సందెవేళ యెత్తుమీద కూర్చోవాలని చూస్తుంది. యెకరానికి రెండు వందలకు పైగా పెద్ద పక్షులను మేపవచ్చునని లెక్కలున్నాయి. దాన్ని నెలల తరబడి లోపల వుంచితే జబ్బు రాకపోవచ్చు. సుఖం మాత్రం పోతుంది, పొడుచుకోవడం పెరుగుతుంది. మన యెండాకాలంలో, 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలలో, మూసిన రేకుల షెడ్డు పక్షికి పొయ్యి అవుతుంది. ఇక్కడ కాపలాదారుడు తాను మూసిన తలుపుకు బదులు లోపల యేదో ఒకటి యివ్వవలసి వున్నది: గాలి, నీడ, పొడి యిసుక, యెక్కి కూర్చునే కర్ర, పొడవడానికి వేలాడదీసిన ఆకుకూర. తలుపు మూయడం చవక. లోపల బతుకు యివ్వడానికే ఖర్చు.

గడప దాటి జబ్బు వచ్చినప్పటి మాట కూడా చెప్పుకోవాలి; చాలామంది దీన్ని దాటవేస్తారు. మన ప్రభుత్వ నియమాల ప్రకారం కిలోమీటరు లోపు వున్న పెంపుడు పక్షులన్నిటినీ చంపుతారు. పది కిలోమీటర్ల దాకా నిఘా వుంచుతారు. అంటే పక్క యింటి ముసలమ్మ పెట్టలు కూడా పోతాయి. రెండు కిలోల కోడిని మెడ విరిచి క్షణంలో చంపవచ్చు. పన్నెండు కిలోల పుంజును? ఐరోపా చట్టం చేత్తో మెడ విరవడాన్ని మూడు కిలోల లోపు పక్షులకే అనుమతిస్తుంది. అంతకన్నా బరువైనదానికి చేతిబలం చాలక అది నరకయాతన పడుతుంది. 2022లో అమెరికాలో గాలి ఆపివేసి వేడితో మందలను చంపే పద్ధతి విరివిగా వాడితే అక్కడి పశువైద్యులలోనే కొందరు యెదురు తిరిగారు. పుంజుల ఫారం పెట్టేవాడు ఆ రోజు వస్తే యెవరిని పిలవాలో, యే సాధనంతో వాటి బాధను తొందరగా ముగిస్తారో పశుసంవర్ధకశాఖ వారిని ముందే అడిగి పెట్టుకోవాలి. తినేవారికి మాత్రం భయం లేదు. బాగా ఉడికిన మాంసంలో ఆ క్రిమి బతకదు. పచ్చిమాంసం కోసిన కత్తినీ చేతులనూ కడుక్కోవడం మరవకూడదు.

తలుపు మూయడమా తెరవడమా అన్న చిక్కుకు ఐరోపాలో కొందరు కనిపెట్టిన ఉపాయం చూస్తే నాకు నవ్వు వచ్చింది. షెడ్డుకు ఆనించి, పైన కప్పు, మూడు వైపులా వల వేసి ఒక చోటు కట్టారు. పక్షి అక్కడికి వచ్చి గాలీ వెలుతురూ పీలుస్తుంది, దుమ్ములో పొర్లుతుంది. పైనుంచి బాతు రెట్ట పడదు, పిచ్చుక దూరదు. వారు దానికి శీతకాలపు తోట అని పేరు పెట్టుకున్నారు. మన భాషలో దాన్ని వసారా అంటారు. తాటాకు వేసినా, కొబ్బరాకు వేసినా, రేకు వేసి మీద వరిగడ్డి పరిచినా పని జరుగుతుంది. పడమర వైపు గోనెపట్టా దించి తడిపితే మే నెల కూడా గడుస్తుంది, ఆ నీళ్ళు లోపలి ఊకమీద కారకుండా చూసుకుంటే.

ఆ కోరుట్ల అబ్బాయికి కాగితం మీద యీ వసారా గీసి చూపించాను. పొలంలో బావికి యివతల, కోళ్ళు యెన్నడూ పోని చెలక వున్నదట. గేటు, గేటు లోపల చెప్పులు విడిచే గది, సున్నపు తొట్టి, ఆ తరువాత షెడ్డు, షెడ్డుకు వసారా. నూరు అనుకున్నవాడు అరవైకి దిగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, “వల కన్ను యెంతుండాలె సార్?” అని అడిగాడు. పిచ్చుక తల దూరకూడదు అన్నాను. పిచ్చుక తల యెంతుంటుందో యిద్దరికీ సరిగా తెలియక, అంగుళంలోపు అని రాసుకున్నాం.